బడి పనులు మొదలుకాక ముందే: మేనకోడలికి ఒక లేఖ

చి.ల.సౌ. అమ్మాయికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఒంగోలులో మేమందరం క్షేమం. మీ హైస్కూలుకు పనులు మంజూరైనాయనీ, పాత రేకుల గదులు పడగొట్టి, స్లాబు దాకా లేచి ఆగిపోయిన కొత్త గదులు పూర్తిచేసి, మరుగుదొడ్లూ ప్రహరీ కట్టించబోతున్నారనీ, ప్రధానోపాధ్యాయురాలిగా ముందుగా ఏమేం చూసుకోవాలో చెప్పమనీ రాశావు. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని టన్నులు అనే లెక్కలు మీ మండలం అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చూసుకుంటారు. నేను రాయదలచింది ఆ లెక్కల్లోకి ఎక్కని వాటి గురించి, అంటే పని జరిగే నెలల్లో పిల్లల మీద, కూలీల మీద, బడి చుట్టుపక్కల ఇళ్ల మీద, అక్కడి నేల మీద, నీటి మీద పడే భారం గురించి. పంచాయతీరాజ్ ఇంజినీరింగు శాఖలో చేసిన ఉద్యోగమంతటిలో నాకు గట్టిగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఎస్టిమేటులో లేని పనిని ఎవరూ చేయరు. సంతకాలు పడ్డాక అడిగితే దానికి డబ్బు ఉండదు. అందుచేత ఇక్కడ రాస్తున్న ప్రతి విషయాన్నీ ఎస్టిమేటులోనో, ఒప్పందంలోనో, కనీసం బడి యాజమాన్య కమిటీ తీర్మానంలోనో ముందే ఎక్కించు.

మొదట ఆ రేకుల సంగతి. అవి బూడిదరంగు సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుందని అనుకునే నడుచుకోవాలి. రేకు చెక్కుచెదరకుండా పైన ఉన్నంతకాలం ప్రమాదం తక్కువే. సుత్తితో పగలగొట్టినా, రంపంతో కోసినా, పైనుంచి కిందికి విసిరేసినా కంటికి కనిపించని పీచు గాలిలోకి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సరుగా బయటపడవచ్చు. ఆస్‌బెస్టాస్ పనిలో ఉన్న కార్మికుల ఆరోగ్యం గురించి సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది గానీ, పల్లెటూరి బడి పైకప్పు విప్పే కూలీకి ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. కాబట్టి రేకులను ముందుగా నీటితో బాగా తడిపించు. బోల్టులు విప్పి, ఇద్దరు పట్టుకుని ఒక్కొక్క రేకునూ దించాలి తప్ప గునపం వేయకూడదు. పనివాళ్లకు ముఖానికి గుడ్డ చాలదు, పీచును ఆపగలిగే మాస్కులు కావాలి. దించిన రేకులను టార్పాలిన్‌లో చుట్టి, విడిగా పెట్టి, కాలుష్య నియంత్రణ మండలి జిల్లా అధికారులకు రాసి, వాళ్లు చెప్పిన చోటికి పంపించండి. గొడ్ల చావడికి పనికొస్తాయని ఊళ్లోవాళ్లు అడుగుతారు. కాదనడం కష్టమే, కాని ఇవ్వవద్దు, వేలంలో కూడా పెట్టవద్దు.

గోడల పాత రంగు గీకే పని కూడా ఈ కోవలోదే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన నూనె రంగుల్లో, ముఖ్యంగా తలుపులకూ కిటికీలకూ వేసిన పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండి ఉండవచ్చు. సీసం చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పొడిగా ఉప్పుకాగితం పట్టకుండా తడిపి గీకించి, ఆ పొట్టును ఊడ్పించకుండా తడిగుడ్డతో తుడిపించు. కొత్త రంగు డబ్బా మీద సీసం పరిమితి గురించి రాసి ఉన్నదో లేదో నీవే చూసి తీసుకో.

పడగొట్టడం, గీకడం, టైల్సు కోయడం వంటి దుమ్ము లేచే పనులన్నీ వేసవి సెలవుల్లోనే ముగియాలని ఒప్పందంలో రాయించు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా దొరికే వ్యవధి ఆ పనులకు సరిపోతుంది. పెద్ద గదుల స్లాబు కింద ఊతకర్రలు రెండు వారాలైనా ఉండాలి కనుక మేస్త్రీని తొందరపెట్టవద్దు. బడి నడిచే రోజుల్లో పని జరగక తప్పకపోతే, చుట్టూ 100 మీటర్ల మేర బడి ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉన్న మాట గుర్తుచేసి, కాంక్రీటు కలిపే యంత్రాన్ని ఉదయం బడి మొదలుకాకముందూ సాయంత్రం బడి వదిలాకా నడిపించమను. గదులు చాలవని తాటాకు పందిరి వేద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటింట్లో పుట్టిన నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పసిపిల్లలు చనిపోయారు. అది మరచిపోదగిన సంగతి కాదు. ఊళ్లో పంచాయతీ భవనమో, కల్యాణమండపమో కొన్ని నెలలకు అడిగి తీసుకో. వంటచేసే ఆడవాళ్లకు పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో, గ్యాసు బండ ఎక్కడ ఉంచాలో కూడా ఆరోజే చూపించు.

పడగొట్టిన ఇటుక ముక్కలు, పెచ్చులు, మట్టి ఎక్కడికి పోవాలన్నది ఎస్టిమేటుల్లో తరచుగా ఒక్క మాటతో తేలిపోతుంది. నేను తనిఖీకి వెళ్లిన ఒక బడిలో ఆ కుప్పను ప్రహరీ మూలకు తోసి వదిలేశారు. వానాకాలం వచ్చేసరికి దాని వెనుక మోకాటిలోతు నీళ్లు నిలిచాయి, దోమలు ముసిరాయి, ముక్కల సందుల్లో పాములు చేరాయి, ఆ పక్కనే ఉన్న చేతిపంపు దగ్గరికి పిల్లలు వెళ్లడం మానేశారు. నిర్మాణ వ్యర్థాల నిర్వహణకు 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. మంచి ఇటుకను ఏరి ప్రహరీకి వాడుకోవచ్చు, ముక్కలను గచ్చు కింద నింపుకోవచ్చు. మిగిలినదాన్ని ట్రాక్టరులో పంచాయతీ చూపిన చోటికి తోలించేందుకు విడిగా ఒక పద్దు పెట్టించు. చెరువులోకో వాగులోకో పోయకూడదని ఆ పద్దులోనే రాయించు.

ఇప్పుడు ప్రహరీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే గొడవలు నేను ఎక్కువగా చూసింది దాని దగ్గరే. విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ప్రహరీయో కంచెయో ఉండాలి, అది పిల్లల రక్షణకు అవసరం కూడా. కాని మీ బడి ఆవరణ ఇన్నాళ్లూ ఊరిది కూడా. వెనుకనున్న కాలనీవాళ్లు బడి మీదుగానే మెయిన్ రోడ్డుకు నడుస్తారని నీవే ఒకసారి అన్నావు. గోడ లేచిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. వాళ్లు పొలాల చుట్టూ తిరిగి రావాల్సి వస్తే, ఇబ్బంది అందరికన్నా ముసలివాళ్లకూ గర్భిణులకూ ఎక్కువ. పునాది తీయకముందే ఆ కాలనీలోనే సభ పెట్టించి, హద్దు పక్కన మనుషులు నడిచేంత వెడల్పున బాట వదిలే వీలుందేమో సర్వేయరుతో కొలిపించు. కాలనీ పిల్లలకు వెనుకవైపు చిన్న గేటు పెట్టించు. సాయంత్రం వాలీబాల్ ఆడే కుర్రాళ్లతోనూ, మిరపకాయలు ఆరబోసుకునే రైతులతోనూ ఇప్పుడే మాట్లాడితే గోడను తమదిగా కాపాడతారు. మాట్లాడకపోతే రాత్రికి రాత్రే రెండు వరసలు ఊడిపోతాయి.

ఆ గోడతో వచ్చే రెండో చిక్కు నీరు. మీ ఆవరణ రోడ్డు వైపు ఎత్తు, కాలనీ వైపు పల్లం. వాననీరు ఇప్పుడు నేల మీద పరచుకుని పారుతుంది. గోడ అడ్డం వస్తే ఆవరణలోనే నిలుస్తుంది, లేదా ఒకచోట కోసుకుని ఎవరో ఒకరి ఇంట్లోకి పోతుంది. ఒక పెద్ద వాన కురిసినప్పుడు గొడుగు వేసుకుని నిలబడి, నీరు ఎటు పోతున్నదో చూసి సున్నంతో గీత గీయించు. ఆ గీత దాటే ప్రతిచోటా గోడ అడుగున తూములు వదిలి, పల్లంలో ఇంకుడు గుంత తవ్వించి, పైకప్పుల నీటిని గొట్టాలతో దానికే మళ్లించమను. కొలత ఏఈ చెప్తారు. నీవు అడగవలసింది తూముల స్థానం.

మరుగుదొడ్ల విషయంలో ఒక్క నియమాన్ని ఎవరి కోసమూ సడలించవద్దు. కొత్తవి నీళ్లతో సహా వాడకంలోకి వచ్చేదాకా ఆడపిల్లల పాత మరుగుదొడ్డి మీద గునపం పడకూడదు. కొన్ని నెలలే కదా అంటారు. ఆ కొన్ని నెలల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, నెలసరి రోజుల్లో బడి మానేస్తారు, కొందరు తిరిగి రారు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత తాగునీటి బోరుకు 18 మీటర్ల లోపున ఉండకూడదు. ప్లాను మీద అది దగ్గరగా కనిపిస్తే సంతకం పెట్టకు. పాత ట్యాంకు పూడ్చేముందు దాన్ని యంత్రంతోనే తోడించాలి, రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. కనిగిరి వైపు ఫ్లోరైడు బాధ నీకు తెలియనిది కాదు. కొత్త బోరు వేస్తే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటిని తాగడానికి వాడనీయకుండా మొక్కలకూ మరుగుదొడ్లకూ మళ్లించు. నీరు పడని బోరు గొట్టం మీద ఆ సాయంత్రమే మూత బిగించేలా చూడు, ఆ తరువాత మట్టితో పూడ్పించు.

చెట్ల గురించి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) 2002 నుంచి ఉంది. కొట్టాలంటే అనుమతి తప్పనిసరి, కొట్టినదానికి బదులు నాటడమూ తప్పనిసరి. అయినా మీ వేపచెట్టు కోసం గది హద్దును కొంచెం జరపవచ్చునేమో ముందు అడుగు. కొట్టకుండానే చెట్లను చంపే పని ఒకటుంది, మొదలు చుట్టూ గచ్చు వేయడం. కొమ్మలు ఎంత పరచుకుంటే ఇంచుమించు అంత మేర నేలను వదలమను, అక్కడ కంకర కుప్పలూ సిమెంటు కడిగిన నీళ్లూ పోయనీయకు. ఇటుకల్లో బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక తీసుకుంటే పొలాల పైమట్టి మిగులుతుంది. ప్రకాశం ఎండలకు పైకప్పు మీద తెల్లని పూత వేయిస్తే గది వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. ఇంతకుమించి ఈ విషయంలో నీకు చెప్పనక్కరలేదు.

కూలీల సంగతి మాత్రం ఎవరో చూసుకుంటారని వదిలేయకు. పనికి వచ్చేవాళ్లు పక్క జిల్లాల నుంచో ఒడిశా నుంచో కుటుంబాలతో వచ్చి అక్కడే పాకలు వేసుకుంటారు. వాళ్లకు విడిగా మరుగుదొడ్డి, తాగునీరు, నీడ కాంట్రాక్టరు ఏర్పాటు చేయాలని ఒప్పందంలో ఉండాలి. వాళ్లలో చదువుకునే వయసు పిల్లలుంటే ఏ కాగితాలూ అడగకుండా దగ్గరి ప్రాథమిక పాఠశాలలో చేర్పించు, మన బడి కడుతున్నవాళ్ల పిల్లలు బడి బయట ఇసుకలో కూర్చోవడం నాకు ఏనాడూ సమ్మతం కాలేదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను పనిలోకి తీసుకోనీయకు, మన విద్యార్థుల చేత ఇటుకలు మోయించనీయకు. పని జరిగే చోటుకూ తరగతులకూ మధ్య రేకుల కంచె కట్టించి, వచ్చిపోయే ప్రతివారి పేరూ ఫోన్ నంబరూ గేటు దగ్గర రాయించు. పిల్లల భద్రత కోసం అవసరమే గానీ, అందరికీ ఒకేలా, మర్యాదగా జరగాలి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు పోతుంది. బిల్లులో అది కోతపడినా, ఆ బోర్డులో పేరు నమోదైన కూలీకే ప్రమాదం జరిగినప్పుడు సాయం అందుతుంది. పని మొదలైన వారంలోనే నమోదు గురించి అడుగు.

ఇవన్నీ కనిపెట్టుకుని ఉండటం నీ ఒక్కదానివల్ల కాదు. మీ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, అందులో సగం మంది ఆడవాళ్లు. వాళ్లలో ఒక తల్లికి దుమ్ము, నీళ్ల సంగతీ, ఇంకొకరికి మరుగుదొడ్లూ, కాలనీ నుంచి ఒకరికి ప్రహరీ అప్పగించి, ఫిర్యాదులు రాసుకునే పుస్తకం ఒకటి గేటు దగ్గరే పెట్టించు. వారానికొకసారి ఏఈ వచ్చినప్పుడు ఆ పుస్తకం ఆయన ముందుంచి సంతకం తీసుకో. చివరి బిల్లు పంపేముందు శిథిలాలు తోలారా, గుంటలు పూడ్చారా, తూములు తెరిచి ఉన్నాయా, బోరు నీటి పరీక్ష కాగితం వచ్చిందా అని కమిటీ తిరిగి చూసి రాసిస్తేనే డబ్బు విడుదల కావాలన్న షరతును ఒప్పందంలో పెట్టించు. ఆ షరతుకు కాంట్రాక్టరు అభ్యంతరం చెప్తే నాకు ఫోన్ చేయి, ఏఈతో నేను మాట్లాడతాను. ఎస్టిమేటు నకలు, ప్లాను సంతకాలకు ముందే పంపితే చదివి, చేర్చవలసినవి పక్కన పెన్సిలుతో రాసి వారంలోపు తిప్పి పంపుతాను.

పిల్లలకు దీవెనలు. అబ్బాయిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య