సమాధానం: ఎర్రనీటికి ఇసుక ఫిల్టర్ మూసుకుపోతోంది

తమ్ముడూ, నెదర్లాండ్స్ విద్యార్థులతో కలిసి చేసిన బయోశాండ్ ఫిల్టర్ (ఇసుక, అందులో పెరిగే సూక్ష్మజీవులతో నీటిని శుద్ధి చేసేది) అమలాపురం కాలువ నీటికి మూడు రోజులకే మూసుకుపోతోందన్నావు. టెన్షన్ వద్దు, డిజైన్ మంచిదే. వాళ్లు తేట నీటితో పరీక్షించి ఉంటారు, మనకు వరదల్లో వచ్చేదేమో ఎర్రనీరు! పోసే నీటి మడ్డి 50 ఎన్‌టీయూ (నీరు ఎంత మడ్డిగా ఉందో చెప్పే కొలత) దాటకూడదు. ముందు బిందెలో పటిక తిప్పి, లేదా మన అమ్మమ్మల్లా చిల్లగింజ అరగదీసి కలిపి, రాత్రంతా ఉంచి పైతేట మాత్రమే పోయండి. ఇప్పుడు మూసుకున్నదానికి ఇసుక మొత్తం తీసి కడగొద్దు. పైపొరను చేత్తో మెల్లగా కదిపి, మురికి నీరు తోడేస్తే చాలు. క్లోరిన్ మాత్రం ఫిల్టర్ అయ్యాకే. ముందే వేస్తే పైపొరలోని మేలుచేసే సూక్ష్మజీవులు చస్తాయి. అన్నట్టు, సీసాలో కాలువ నీరు పట్టి ఆ విద్యార్థులకు ఫొటో పంపు, మన నీరెలా ఉంటుందో తెలుస్తుంది.