సోవియట్ జెట్ విమానాల నమూనాలు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. తొలినాటి సోవియట్ జెట్ ప్రయాణికుల విమానాల డైకాస్ట్ నమూనాలు, అంటే అచ్చులో లోహం పోసి చేసిన చిన్న బొమ్మలు, సేకరించాలని ఉందనీ, దేనితో మొదలుపెట్టాలో చెప్పమనీ నీవు వ్రాసిన ఉత్తరం అందింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ పిచ్చిలో ఉన్నవాడిని కనుక, చేసిన పొరపాట్లతో సహా నాకు తెలిసింది చెబుతాను. కొనడం తరువాతి సంగతి. అసలు విమానాన్ని చూడడం ముందు నేర్చుకో. అసలుది తెలియనివాడికి నమూనాలో తప్పు కనబడదు, అమ్మేవాడు చెప్పిందే వేదమవుతుంది.

టుపొలెవ్-104తో మొదలుపెట్టు. 1955 జూన్ 17న తొలిసారి ఎగిరిన ఈ విమానం టుపొలెవ్-16 బాంబరు నుండి పుట్టింది. రెక్కల తీరు, ఇంజన్లు, చక్రాల అమరిక అక్కడివే కాగా, ప్రయాణికులు కూర్చోవడానికి వీలుగా లావుపాటి కొత్త ఒళ్లు తొడిగారు. 1956 మార్చిలో ఇది లండన్‌లో దిగినప్పుడు అక్కడివారు ఆశ్చర్యపోయారంటే కారణముంది: వారి కామెట్ జెట్ విమానాలు ప్రమాదాల తరువాత 1954 నుండి ప్రయాణికుల సర్వీసులకు దూరంగా ఉన్నాయి. ఆ సెప్టెంబరు 15న మాస్కో నుండి ఓమ్స్క్ మీదుగా ఇర్కుత్స్క్‌కు సోవియట్ విమానసంస్థ ఏరోఫ్లోట్ సర్వీసు ప్రారంభమైంది. 1958లో కామెట్ తిరిగి వచ్చేవరకు ప్రపంచంలో నిత్యం ప్రయాణికులను మోసిన జెట్ విమానం ఇదొక్కటే.

నమూనా చేతికి రాగానే ముక్కు చూడు. బాంబరు వారసత్వం దాచినా దాగనిది అక్కడే. నావిగేటరు కూర్చునే ఆ అద్దాల ముక్కుకు చట్రం గీతలు విడివిడిగా కనిపించాలి. నాసిరకం నమూనాలలో అక్కడ నల్లరంగు పూసి వదిలేస్తారు. తరువాత ఇంజన్లు. అవి రెక్క మొదట్లో, ఒంటికి ఆనుకొని ఉంటాయి. గాలి పీల్చే నోళ్లు లోతుగా ఉండాలి కాని, మూసిన దొప్పల మీద రంగు వేసినట్లు ఉండకూడదు. ఇక నమూనాను బల్ల మీద పెట్టి, నీ కన్ను దాని ఎత్తుకు వచ్చేలా వంగి ఎదురుగా చూడు. రెక్కల చివర్లు బరువెత్తిన కావడిబద్దలా కాస్త కిందికి వాలి ఉండాలి. చాలామంది తయారీదారులు తప్పేది ఇక్కడే; రెక్కలు చదునుగా ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తిప్పి పంపెయ్యి.

రిజిస్ట్రేషన్ నంబరు విషయంలో నేను దెబ్బ తిన్నాను కనుక కాస్త వివరంగా వ్రాస్తాను. విమానం మీద ఆంగ్లంలో సీసీసీపీ అన్నట్లు కనబడేవి నిజానికి రష్యన్ అక్షరాలు, వాటిని ఎస్ఎస్ఎస్ఆర్ అని చదవాలి; సోవియట్ యూనియన్ పేరుకు రష్యన్‌లో పొడి అక్షరాలవి. తొలిరోజుల్లో వాటి తరువాత 'ఎల్' అక్షరం, నాలుగు అంకెలు ఉండేవి. లండన్‌కు వెళ్లిన టుపొలెవ్-104 నంబరు ఎల్5400. తరువాతి అయిదంకెల పద్ధతిలో టుపొలెవ్-104కు 42తోను, దాని చిన్న తమ్ముడు టుపొలెవ్-124కు 45తోను నంబర్లు మొదలయ్యాయి. ఒక అమ్మకందారు నాకు టుపొలెవ్-104 అని చెప్పి 1:200 స్కేలు నమూనా, అంటే అసలుదానిలో రెండువందలో వంతు పొడవున్నది, ఒకటి అంటగట్టాడు. నంబరు 45తో మొదలవడం చూసి అనుమానం వచ్చి కొలబద్ద పెట్టి కొలిస్తే పొడవు పదిహేను సెంటీమీటర్లు దాటి ఏ కాస్తో ఉంది. ఆ స్కేలులో 104ఎ (104లో ఒక రకం) పందొమ్మిదిన్నరకు దగ్గరగా ఉండాలి. రూపం ఒకటే, పరిమాణం వేరు; పెట్టె మీది పేరు చూసి డబ్బు కట్టాను. రంగుల సంగతీ ఇంతే. ఏరోఫ్లోట్ విమానాలన్నిటికీ ఒకే తీరు నీలిపట్టీ 1973లో వచ్చింది. దాని కింద 'ఎల్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే అది ఎవరి ఊహో తప్ప చరిత్ర కాదు.

టుపొలెవ్-104ను నడిపిన విదేశీ విమానసంస్థ చెకోస్లొవేకియాది ఒక్కటే. దాని విమానాలలో ఓకే-ఎల్‌డీఏ ప్రేగ్‌లోని క్బేలీ మ్యూజియంలో ఉంది. ఓకే అంటే మెచ్చుకోలు కాదులే, ఆ దేశ సంకేతం. ఆ నంబరు నమూనా దొరికితే మ్యూజియం ఫొటోలతో సరిపోల్చుకోవచ్చు.

తమ్ముడైన 124 నాకు అన్నకంటే ఇష్టం. 1963 ఆగస్టు 21న టాలిన్ నుండి మాస్కో బయలుదేరిన ఒక టుపొలెవ్-124 ముందుచక్రం ఇరుక్కుపోయి, లెనిన్‌గ్రాడ్ మీద తిరుగుతుండగా ఇంజన్లు రెండూ ఆగిపోతే, కెప్టెన్ మొస్తొవోయ్ దానిని నేవా నదిలో దించాడు; అందులోని 52 మందీ బతికారు. మన వాయుసేన కూడా ప్రముఖుల ప్రయాణాలకు ఈ విమానాలను వాడింది. 1977 నవంబరు 4న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎక్కినది అస్సాంలోని జోర్హాట్ దగ్గర కూలినప్పుడు ఆయన బయటపడ్డారు కాని, అయిదుగురు వాయుసేన సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి రెండో కొనుగోలు ఇదే కావాలంటాను.

స్కేలు ఒకటే ఎంచుకొని దానికే కట్టుబడు. 1:400లో 104 పది సెంటీమీటర్ల లోపు ఉంటుంది, చిన్న అలమరలో ఇరవై పడతాయి. 1:200లో ముక్కు అద్దాలు తృప్తిగా చూడవచ్చు కాని చోటూ డబ్బూ కావాలి. పెద్ద స్కేలులో డైకాస్ట్ పేరుతో ప్లాస్టిక్‌వి, రెజిన్‌వి కూడా అమ్ముతారు. చేతిలోకి తీసుకుంటే లోహం చల్లగా, బరువుగా తెలుస్తుంది. విదేశాల నుండి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకో.

ఇక నిల్వ. డైకాస్ట్ అంటే జింక్ మిశ్రమం. పోతపోసేటప్పుడు అందులో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే, తేమ తగిలేకొద్దీ లోపలినుండి గుల్లబారుతుంది. విశాఖ సముద్రపు గాలికి కిటికీ పక్కన స్పాంజిపెట్టెలో రెండు వానాకాలాలు మరిచిపోయిన నా నమూనా ఒకటి, తెరిచేసరికి రెక్క మొదట్లో రంగు పొక్కి, కింద సన్నని బీటలు వెంట్రుకల్లా అల్లుకొని ఉంది. వేలితో తాకితే తోక విరిగి చేతిలోకి వచ్చింది. ఆ రోగానికి మందు లేదు, అంటువ్యాధి మాత్రం కాదు. పక్కవాటిని చూసి భయపడనక్కరలేదు. నీవు ఎండ తగలని అద్దాల అలమరలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు. మెత్తని టైర్లు ప్లాస్టిక్ స్టాండుకు అంటుకొని మరక చేస్తాయి కనుక కింద పలుచని గాజుపలక పెట్టు.

నచ్చినది కనబడితే డబ్బు కట్టేముందు ఎదురుగా తీసిన ఫొటో ఒకటి, పక్కనుండి నంబరు కనబడేలా ఒకటి అమ్మేవాడిని అడిగి నాకు పంపు. రాత్రి భోజనమయ్యాక చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య