మళ్లీ రైఫిల్ పట్టే రోజు

ప్రశ్న: మేడమ్, నమస్తే. యూనివర్సిటీ రోజుల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ చేసేదాన్ని. 2011లో పెళ్లయ్యాక ఆపేశాను. అప్పట్లో 40 షాట్లకు 385 దాకా వచ్చేది. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు సిజేరియన్. చిన్నదానికి ఇప్పుడు ఆరేళ్లు. వచ్చే నెల ఒక ఆదివారం హైదరాబాద్‌లో రేంజ్‌కి వెళ్తున్నాను, రోజంతా లేన్ నాకే. రైఫిల్ క్లబ్ వాళ్లే ఇస్తారు. పాత షూటింగ్ జాకెట్ ఉంది కానీ గుండీలు పట్టడం లేదు. ఆ ఒక్క రోజులో పాత ఫామ్ ఎంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చు? చుట్టూ పిల్లలు పదులు కొడుతుంటే నాకు 8లు, 7లు పడితే ఎలా అని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ 385ని పక్కన పెట్టండి. మీరు ఆపేసినప్పటి ఆట వేరు, ఇప్పటిది వేరు. అప్పుడు ఆడవాళ్లకు 40 షాట్లే. 2018 నుంచి మగవాళ్లతో సమానంగా 60. అప్పుడు క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు రౌండ్‌లో, పది అంటే పదే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 600కి 598 కొట్టి ఫైనల్‌కి వెళ్లి కాంస్యం తెచ్చింది ఆ లెక్కలోనే. మరుసటి ఏడాది నుంచి క్వాలిఫికేషన్‌లోనూ దశాంశాలు వచ్చాయి. ఒకే పది ఇప్పుడు 10.0 కావచ్చు, 10.9 కావచ్చు. 60 షాట్లకు గరిష్ఠం 654. కాబట్టి మీ పాత అంకెతో పోల్చుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక 8 పడుతుందన్న భయం. టార్గెట్‌లో పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, మన పెల్లెట్ (రైఫిల్ నుంచి వెళ్లే చిన్న గుండు) 4.5 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే, 8 పడిందంటే మీ పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ నట్టనడుమ నుంచి ఏడున్నర మిల్లీమీటర్లు దాటలేదన్నమాట. ఇన్నేళ్ల తర్వాత రైఫిల్ పట్టిన మనిషికి అది సిగ్గుపడాల్సిన షాట్ కాదు. పక్క లేన్ పిల్లలకు మీ స్కోరు చూపే మానిటర్ చూసే తీరిక కూడా ఉండదు.

అసలు విషయం చెబుతాను. తిరిగి వచ్చే ఆడపిల్లలు చాలామంది పాత ఫొటో ఒకటి తెచ్చి, మళ్లీ అచ్చం అలాగే నిలబడాలని చూస్తారు. వద్దు. ఆ ఫొటోలో ఉన్నది ఇరవై ఏళ్ల శరీరం. ఈ మధ్యలో రెండు కాన్పులు, ఒక ఆపరేషన్ అయ్యాయి. నడుము, కడుపు కండరాలు, బరువు ఆనే చోటు, అన్నీ మారాయి. కొత్త స్టాన్స్ (నిలబడే తీరు) కట్టుకోవాలి. మీ ఆదివారం దానికోసమే.

ఉదయం వెళ్లగానే రైఫిల్ మీకు సరిచేసుకోండి. క్లబ్ రైఫిల్ ఎవరికోసమో సెట్ చేసి ఉంటుంది. భుజానికి ఆనే బట్ ప్లేట్, చెంపకు ఆనే చీక్ పీస్ ఏ గీత దగ్గర ఉన్నాయో రాసుకుని గానీ కదపొద్దు, సాయంత్రం వాళ్లది వాళ్లకు అలాగే అప్పజెప్పాలి కదా. తల నిటారుగా ఉంచి, కళ్లు మూసి చెంప ఆనించండి. కళ్లు తెరిచేసరికి బ్యారెల్ చివర ఉండే ఫోర్‌సైట్ రింగ్, కంటి దగ్గరి వెనక సైట్ మధ్యలో కనబడాలి. మెడ వంచి వెతుక్కోవాల్సి వస్తే చీక్ పీస్ ఎత్తు తప్పు. దీనికి గంట పట్టినా పట్టనివ్వండి.

జాకెట్ బలవంతంగా బిగించొద్దు. ఊపిరి పైపైనే ఆడుతుంది, నడుము పట్టేస్తుంది. పొద్దున మామూలు టీషర్టుతో చేయండి. మధ్యాహ్నం మీకు పట్టే జాకెట్ క్లబ్‌లో అడిగి వేసుకోండి.

తర్వాత పెల్లెట్ లేకుండా నిలబడటం. ఎడమ తుంటి టార్గెట్ వైపు, ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీదో పక్కటెముకల మీదో ఆనాలి. బరువు మోసేది ఎముకే, కండరం కాదు. రైఫిల్ ఎత్తి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరవండి. సైట్ టార్గెట్‌కి కుడికో ఎడమకో ఉందా? చేతులతో లాగొద్దు. వెనక పాదాన్ని కొంచెం జరిపి మళ్లీ కళ్లు మూయండి. పైనో కిందో ఉంటే ఎడమ చేతి ఎత్తో, బట్ ప్లేటో సరిచేయండి. కళ్లు తెరిచిన ప్రతిసారీ సైట్ దానంతటదే టార్గెట్ మధ్యలోని నలుపు మీద ఉండేదాకా ఇదే పని. నేను మళ్లీ మొదలుపెట్టేవాళ్లెవరికీ ఇది పూర్తికాకుండా పెల్లెట్ ఇవ్వను. ఇక్కడ తొందరపడితే మిగతా రోజంతా చేతులతో గురి లాగుతూనే ఉంటారు. సాయంత్రానికి భుజం నొప్పి, గ్రూప్ (షాట్లు పడిన గుంపు) చెల్లాచెదురు.

సిజేరియన్ అయినవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కడుపు కండరాలు బలహీనంగా ఉంటే శరీరం తెలియకుండానే నడుము దగ్గర ఇంకా వెనక్కి వంగి రైఫిల్ బరువుకు సరితూగేలా చూస్తుంది. పోటీ రైఫిల్ ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చు. ఒక్కో హోల్డ్ పది సెకన్లకు మించొద్దు. దించి స్టాండ్ మీద పెట్టి, నడిచి రండి. నడుము కింద పోటు వస్తే ఆపేయండి, ‘ఇంకో సిరీస్ చూద్దాం’ అనొద్దు. వీలైతే ఆ ఆదివారానికి ముందే ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.

అప్పుడు డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం. రైఫిల్‌లో ఆ మోడ్ పెట్టమని అడగండి, గాలి ఖర్చు కాదు, ట్రిగ్గర్ మాత్రం ‘టిక్’మంటుంది. తెల్ల గోడ వైపు, టార్గెట్ లేకుండా చేయండి. గురి లేనప్పుడు వేలు ఏం చేస్తోందో బాగా తెలుస్తుంది. టిక్ తర్వాత ఫోర్‌సైట్ కదిలిందంటే వేలు మెల్లగా లాగడం లేదు, ఒక్కసారిగా గుంజుతోంది.

పెల్లెట్లు మొదలుపెట్టినప్పుడు మానిటర్ మీద టవల్ కప్పండి. మీరు వదిలేసినప్పుడు పేపర్ టార్గెట్ చూసి ఉంటారు. ఇప్పుడు పెల్లెట్ తగలగానే అంకె ముఖం మీదే వెలుగుతుంది, దాని వెనకే మనసు పరుగెత్తుతుంది. షాట్ వెళ్లగానే తల ఎత్తకుండా, అదే చూపుతో ఇంకాసేపు ఉండి, ‘9, రెండు గంటల వైపు’ (గడియారంలో రెండు ఉండే దిక్కు) అని నోటితో చెప్పి రాసుకోండి. ఐదు అయ్యాక టవల్ తీసి పోల్చండి. మీరు చెప్పిందీ అక్కడ పడిందీ దగ్గరగా ఉంటే, 8 పడినా నాకు సంతోషమే. మీకు మీ షాట్ కనబడుతోందన్నమాట. చెప్పకుండా పడిన పది వల్ల నేర్చుకునేదేమీ లేదు. గురి సరిచేసే సైట్ క్లిక్కులు కూడా ఒక్కో షాట్‌కి తిప్పొద్దు. ఐదింటి గ్రూప్ ఒకే పక్కకు పోతేనే తిప్పండి.

ఎనిమిది సెకన్లయినా షాట్ వెళ్లలేదా, దించేయండి. ఎక్కువసేపు చూస్తే కన్ను పాత బొమ్మనే పట్టుకుని ఉంటుంది, సైట్ జరిగినా తెలియదు.

భోజనం కొద్దిగా చేయండి. అంతకుముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కోండి, పెల్లెట్లు సీసంవి. ఇంటికి వెళ్లి పిల్లల్ని ముట్టుకునే ముందు కూడా కడగండి. మధ్యాహ్నం పది షాట్ల సిరీస్‌లు రెండో మూడో చాలు. 60 షాట్లూ వేయాలని కూర్చోవద్దు, చివరి ఇరవైలో అలసిన శరీరం తప్పుడు స్టాన్స్ నేర్చుకుంటుంది. లేన్ చేతిలో ఉందని చీకటిపడే దాకా ఉండక్కర్లేదు. అదే డబ్బుతో ఇంకో రెండు సగం రోజులు బుక్ చేసుకుంటే మీకు చాలా మేలు. వచ్చేముందు పాదాలు ఉన్న చోటును, బట్ ప్లేట్ గీతను, చీక్ పీస్ ఎత్తును రాసుకోండి, ఫొటో కూడా తీయించుకోండి. ఇకనుంచి చూసుకోవాల్సిన ఫొటో అదే.

ప్రశ్న: ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో పడుకుని కాల్చేవాడిని, గ్రూప్ బాగానే వచ్చేది. ఇప్పుడు 47 ఏళ్లు, ప్రోగ్రెసివ్ కళ్లజోడు. ఈ మధ్య స్నేహితుడి క్లబ్‌లో 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కాల్చడం) ప్రయత్నించాను. ఫోర్‌సైట్ మసక, గుళ్లు పైకీ కిందికీ వరసగా పడుతున్నాయి. వయసు వల్లేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మసకకు కారణం సగం మీ కళ్లజోడే సార్. పడుకుని తల వంచినప్పుడు మీరు అద్దం మధ్యలోంచి చూడరు, ముక్కు వైపు పై మూలలోంచి చూస్తారు. ప్రోగ్రెసివ్‌లో ఒక్కో చోట ఒక్కో పవర్. షూటింగ్‌కి ఒకే పవర్ అద్దం విడిగా చేయించుకోండి. దూరం పవర్‌కి అర పాయింటు ప్లస్ కలిపితే చాలామందికి ఫోర్‌సైట్ రింగ్ స్పష్టంగా వస్తుంది. టార్గెట్ కాస్త మసకేసినా పర్వాలేదు, పదును రింగ్‌కే కావాలి. వెనక సైట్ రంధ్రం చిన్నది చేసే ఐరిస్ ఉంటే అదీ వాడండి.

పైకీ కిందికీ పడటానికి నేను ముందు అనుమానించేది ఊపిరిని. పడుకున్నప్పుడు ఊపిరితో పాటే బ్యారెల్ లేచి దిగుతుంది. సగం వదిలి సహజంగా ఆగిన చోటే, ప్రతిసారీ అదే చోట, ట్రిగ్గర్ నొక్కాలి. అది సరిగ్గా ఉండి కూడా అలాగే పడుతుంటే రైఫిల్‌ని చేతికి పట్టి ఉంచే పట్టీ, అదే స్లింగ్, చేతి మీద జారుతోందేమో, బట్ ప్లేట్ భుజంలో షాట్ షాట్‌కీ చోటు మారుతోందేమో చూడండి. సైట్‌లో నాడి కొట్టుకోవడం కనిపిస్తే స్లింగ్ రక్తనాళం మీద పడిందన్నమాట, కొద్దిగా పైకి జరపండి. తూటాల లాట్ (ఒకే విడతలో తయారైనవి) మారిస్తే గ్రూప్ కూడా మారవచ్చు, అందుకని పరీక్ష చేసే రోజు ఒకే లాట్ తూటాలు వాడండి. పక్కలకు పడటం మొదలైతే అప్పుడు గాలి జెండాల వైపు చూడండి.