పెర్త్ నుంచి సిడ్నీకి ఎంత దూరం?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు పెర్త్ నుంచి సిడ్నీకి కాపురం మారుస్తున్నారు. విమానంలో 3,300 కిలోమీటర్లట, కారులో 3,900 పైనేనట. అల్లుడు కారులోనే వెళ్దామంటున్నాడు. అవే రెండు ఊళ్లకి 600 కిలోమీటర్ల తేడా ఎందుకండీ? ఎన్నాళ్లు పడుతుంది? నాకు కంగారుగా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ తేడాకి ముఖ్య కారణం సముద్రం. ఇంట్లో గ్లోబు ఉంటే పెర్త్ మీద ఒక దారం కొస ఆనించి, రెండో కొసని సిడ్నీ దగ్గర బిగించి పట్టుకోండి. బడిలో భూగోళం చెప్పేటప్పుడు పిల్లలచేత ఇలాగే చేయించేవాణ్ణి. దారం కాస్త దూరం నేల మీద పోయి, దక్షిణానికి వంగి, గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ అనే అఖాతాన్ని దాటి మళ్లీ నేల ఎక్కుతుంది. మీకు చెప్పిన విమానం లెక్క ఆ దారం పొడవే. గాలిని బట్టి పైలట్లు కొంచెం అటూ ఇటూ జరుగుతారు. పడమటి గాలి తోడుండడంతో సిడ్నీకి నాలుగు గంటల్లో వెళ్లే విమానం, తిరిగి రావడానికి ఐదు గంటల దాకా తీసుకుంటుంది.

కారు అఖాతం ఒడ్డు చుట్టి రావాల్సిందే. నార్స్‌మన్ అనే ఊరి దగ్గర ఐర్ హైవే ఎక్కుతారు. అక్కడి నుంచి అఖాతం అవతలి వైపున్న సెడూనా ఊరికే సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ తర్వాత స్పెన్సర్ గల్ఫ్ అనే ఇంకో అఖాతం నేలలోకి చొచ్చుకొచ్చి అడ్డం పడుతుంది. దాని కొసన ఉన్న పోర్ట్ అగస్టాకి వెళ్లి మలుపు తిరగాలి.

నన్నడిగితే మీరు చూడాల్సింది ఆ 600 కాదు. స్టీరింగ్ ముందు కూర్చునే గంటలు 40 దాటతాయి. రోజుకి 800 కిలోమీటర్ల చొప్పున వెళ్లినా ఐదు రోజులు. అల్లుడుగారు మూడు రోజులంటే మాత్రం మీరు గట్టిగా వద్దనండి.

ఆ దారిలో నేనూ వెళ్లాను. బలడోనియా, కైగూనా మధ్య 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు లేదు. స్టీరింగ్ తిప్పే పని లేకపోతే కళ్లు వాటంతటవే మూతపడతాయి. రెండు గంటలకోసారి కారు ఆపి దిగాలి, ఇద్దరూ మార్చుకుంటూ నడపాలి. ఒకచోట రోడ్డు వెడల్పయి, తారు మీద విమానాశ్రయంలో ఉన్నట్టు తెల్లటి పట్టీలు కనిపించాయి. ఆపదలో ఉన్నవాళ్ల కోసం ఫ్లయింగ్ డాక్టర్ (విమానంలో వచ్చే వైద్యసేవ) విమానం దిగేది ఆ రోడ్డు మీదే! ఆస్పత్రి ఎంత దూరమో నాకు అక్కడ అర్థమైంది.

పెట్రోలు బంకుల మధ్య కొన్నిచోట్ల 180, 190 కిలోమీటర్లు ఉంటుంది, కాబట్టి కనిపించిన ప్రతిచోటా ట్యాంకు నింపుకోవాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, పొద్దు వాలేలోపే బస చేరాలి. గడియారాలు రెండు గంటలు ముందుకి జరుగుతాయి, అక్కడి వేసవిలో అయితే మూడు. రాత్రి బస బుక్ చేసేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోమనండి. తాజా పళ్లు, కూరగాయలు మాత్రం కట్టివ్వకండి, సెడూనాలో తనిఖీ చేసి తీసేసుకుంటారు.