మిక్సీ ఎవరేశార్రా?

ప్రశ్న: సార్, నా గేమింగ్ లాప్‌టాప్ కొని మూడేళ్లయింది. జీటీఏ 5 మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకల్లా ఫ్యాన్ మోతకి వంటింట్లోంచి అమ్మ ‘మిక్సీ ఎవరేశార్రా?’ అని అరుస్తోంది. కీబోర్డు పైభాగం ముట్టుకుంటే చురుక్కుమంటోంది. కాసేపటికి గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలి, పద్నాలుగు వేలవుతుందన్నారు. మార్చక తప్పదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ఆ పద్నాలుగు వేలు ఇప్పుడే తీయకు. ఇరవై నిమిషాలు శుభ్రంగా ఆడించిన మదర్‌బోర్డు మీద నాకంత అనుమానం లేదు. వేడి 95, 100 డిగ్రీలకి చేరితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. గేమ్ ఆగి ఆగి నడిచేది అందుకే.

ప్రాసెసర్ వేడి ఎన్ని డిగ్రీలుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వేసుకో. గేమ్ తెరిచిన కొన్ని సెకన్లలోనే అంకె 95కి ఎగిరిందంటే ప్రాసెసర్ చిప్‌కీ దాని మీది రాగి పలకకీ మధ్య వేడిని దాటించే పేస్టు ఎండిపోయి ఉంటుంది. మెల్లగా పదిహేను, ఇరవై నిమిషాల్లో ఎక్కిందంటే వేడిగాలి బయటికి పోవడం లేదన్నమాట. నువ్వు రాసినదాన్ని బట్టి నీది రెండోదే.

ఎక్కడ పెట్టి ఆడుతున్నావో మాత్రం రాయలేదు. నా దగ్గరికొచ్చేవాళ్లు ముందు ‘టేబుల్ మీదే సార్’ అంటారు, కాసేపాగి మంచం అంటారు! గాలి పీల్చే రంధ్రాలు చాలావాటికి అడుగునే ఉంటాయి, పరుపు వాటిని మూసేస్తుంది. గట్టి బల్ల మీద పెట్టి, వెనక రెండు మూలల కింద నీళ్ల సీసా మూతలు పెట్టి చూడు.

అయినా తగ్గకపోతే దుమ్మే. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వు. లేకపోతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పు. స్క్రూలు అన్నీ ఒకే పొడుగు ఉండవు, ఇడ్లీ ప్లేటు తెచ్చుకుని ఏ మూలది ఆ గుంటలో వెయ్యి. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఫ్యాన్‌కీ సన్నటి రాగి రేకులకీ మధ్య చూస్తే బూడిదరంగు పొర కనిపిస్తుంది. నేనొక లాప్‌టాప్‌లోంచి పట్టకారుతో లాగితే గుడ్డపీలికలా ఒకే ముక్కగా వచ్చింది, అందులో పొడుగాటి వెంట్రుకలు కూడా. దాన్ని పూజ అలమార పక్కనే పెట్టేవారట, అగరుబత్తి పొగకి జిడ్డు కూడా పట్టింది. బయటినుంచి ఊదితే ఈ పొర బయటికి రాదు, వెనక్కి వెళ్లి ఫ్యాన్‌లో పడుతుంది. అందుకే విప్పమంటున్నది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పేస్టు కూడా మార్చుకుంటే మంచిదే, కానీ చెయ్యి తిరిగినవాళ్ల చేత. రాగి పలక తీశాక పాదరసంలా మెరిసేది కనిపిస్తే అది లిక్విడ్ మెటల్, పేస్టు బదులు వాడే ద్రవలోహం. బోర్డు మీద చుక్క పడితే షార్టవుతుంది, నువ్వు మాత్రం ముట్టుకోకు.

సెట్టింగుల్లో రెండు పనులు చెయ్యి. గేమ్‌లో వీసింక్ ఆన్ చెయ్యి, అది స్క్రీన్ చూపించగలిగినదానికంటే ఎక్కువ ఫ్రేములు (బొమ్మలు) గీయకుండా ఆపుతుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం ఉంటుంది, 99 పెట్టు. ఆ ఒక్క అంకెకే చాలా లాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ అదనంగా పెంచుకునే వేగం) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. గేమ్ కాస్త నెమ్మదించవచ్చు. కూలింగ్ ప్యాడ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. మే నెలలో మీ గది 40 డిగ్రీలుంటే అది ఊదేదీ ఆ గాలే.

మోత హోరులా కాకుండా గరగరమంటుంటే ఫ్యాన్ బేరింగ్ అరిగినట్టే, ఫ్యాన్ ఒక్కటే మార్పించు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా గేమ్ సంగతి పక్కనపెట్టు. అది బ్యాటరీ ఉబ్బు. ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, ఆ రోజే తీయించెయ్యి.

దుమ్ము దులిపాక అదే గేమ్ మళ్లీ ఇరవై నిమిషాలు ఆడి, అంకె ఎంత దగ్గర ఆగిందో రాయి.