జిప్సీ వెనక కమాన్లు వంగట్లేదా? లాంగ్ షాకిళ్ళు కొనే ముందు కట్ట విప్పి చూడండి

మీ ప్రశ్న చదవగానే నా బండే గుర్తొచ్చింది. గుంటూరులో ఉంటారు, పాత మారుతి జిప్సీ కొన్నారు. కొండవీడు కింద రాళ్ళ బాటలో ముందు ఎడమ చక్రం రాయి ఎక్కగానే వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచి ఊరికే తిరుగుతోంది. 15 వేలు దాటకుండా వెనక కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) బాగా వంగేలా చెయ్యాలి. ఫ్రెండ్సేమో లాంగ్ షాకిళ్ళు (కమాన్ చివరని ఛాసిస్‌కి తగిలించే పొడుగు పట్టీలు) వేయించమంటున్నారు. ఇదే కదా సంగతి.

నాది విజయవాడ, బండి 2005 సాఫ్ట్ టాప్. ఆ లాంగ్ షాకిళ్ళు నేనూ వేయించాను, ఆరు వారాల్లో తీయించాను కూడా. కాబట్టి ముందు దాని గురించే చెప్తాను.

నేను వేయించినవి స్టాక్ కన్నా 2 అంగుళాలు పొడుగు. 2 అంగుళాలు లేస్తుందనుకున్నాను, 1 అంగుళమే లేచింది. షాకిల్ ఉండేది కమాన్‌కి ఒక చివరనే కాబట్టి యాక్సిల్ దగ్గరకొచ్చేసరికి సగమే మిగులుతుంది. ఇంకో సంగతి అప్పటికి నాకు తెలీదు. కమాన్ వెనక కన్ను (షాకిల్ తగిలించే చుట్ట) కిందికి దిగితే కట్ట, అంటే కమాన్ ప్లేట్ల దొంతర, మొత్తం వాలుతుంది, దాంతోపాటు డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్య ఉండే గేర్ల డబ్బా) ముక్కు పైకి తిరుగుతుంది. ఆ డబ్బాకి తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివరల క్రాస్‌ల (యూనివర్సల్ జాయింట్ల) కోణాలు సమానంగా ఉండాలి, అవి తేడా వచ్చేశాయి. కాజ టోల్ ప్లాజా దాటాక 60 స్పీడులో సీటు కింద నుంచి గుయ్‌మని వణుకు మొదలైంది. లారీ పక్కనుంచి వెళ్తే బండి వెనక భాగం తోకలా ఊగేది. ఇంతా చేస్తే రాళ్ళ మీద చక్రం లేవడం మాత్రం దాదాపు అలాగే ఉంది. అర అంగుళం, ముప్పావు అంగుళం పొడుగైతే, యాక్సిల్‌కి కమాన్ ఆనే సీటు దగ్గర వెడ్జ్ (ఏటవాలు) ముక్క పెట్టి కోణం సరిచేసుకుంటే, పనికొస్తాయి. కానీ అది ఆఖరి పని, మొదటిది కాదు.

ఆటోనగర్‌లో కమాన్లు కట్టే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్తే, ఆయన బండి కిందికి కూడా చూడలేదు. వెనక బంపర్ మీద కాలు పెట్టి రెండుసార్లు తొక్కి, "బాబూ, ఇది కమాన్ కాదు, ఇనప దూలం. నీ కట్ట పట్టేసింది" అన్నారు. తర్వాత టేపు తెచ్చి ఒక కొలత చూపించారు. దాన్ని మీరు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. బంపర్ మీద ఇద్దరు ఎక్కి దిగండి, వీల్ హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. ఇప్పుడు అదే బంపర్‌ని చేతులతో పైకెత్తి మెల్లగా వదిలి మళ్ళీ కొలవండి. కమాన్ ఫ్రీగా ఉంటే రెండు కొలతలూ దాదాపు ఒకటే వస్తాయి. నా బండికి 22 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఆ తేడా అంతా ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ఉన్న రాపిడి. స్ప్రింగు ఎంత మెత్తనిదైనా రాపిడి పట్టుకుని ఉంటే చక్రం కిందికి రాదు. జిప్సీ లాంటి తేలిక బండికి ఇది ఇంకా ఇబ్బంది. ఖాళీ బండి టన్ను దగ్గర్లోనే, పైగా కమాన్లు లోడుకి తగ్గట్టు గట్టిగా చేసినవి. వెనక బరువు ఏమీ లేకపోతే ఆ రాపిడిని గెలిచే శక్తి ఎక్కడిది?

కట్ట విప్పిన రోజు నాకు బాగా గుర్తు. ముందు రోజు రాత్రే, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల నట్లకి డీజిల్ పోసి వదిలేశాం. పొద్దున ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు తీసి, యాక్సిల్‌ని జాకీ మీద ఆపి కట్ట దించాం. ప్లేట్లన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పే ముందు మేస్త్రి రెండు పక్కలా సీ క్లాంపులు బిగించారు. ఇది మాత్రం మర్చిపోవద్దు. ప్లేట్ల వంపులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, వాటిని ఆ బోల్టే నొక్కి పట్టి ఉంటుంది. క్లాంపు లేకుండా విప్పితే నట్టు ఆఖరి చుట్టులో తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది. క్లాంపులు మెల్లగా వదిలాక ప్లేట్లు విడిపోయి, మధ్యలోంచి ఎర్రటి తుప్పు బూడిద గుప్పెడు రాలింది, పసుపు కారం కలిపినట్టు. ప్రతి ప్లేటు చివరా పై ప్లేటు అడుగున గాడి తవ్వేసి ఉంది. వేలు పెడితే గోరు దిగేంత లోతు. వంగాల్సిన ప్రతిసారీ ఆ చివర ఆ గాడిలో ఇరుక్కుని ఆగిపోతోందన్నమాట.

అప్పుడే అసలు దొంగ దొరికాడు. కట్టలో అడుగున ఉన్న ఒక ప్లేటు మిగతా వాటితో సరిపోలట్లేదు. అవి 6 మిల్లీమీటర్లు, ఇది 8. బండి పాత ఓనరు దుగ్గిరాల యార్డుకి పసుపు బస్తాలు వేసేవాడట, లోడు ఆగడానికి ఒకటి ఎక్కించాడు. 2 మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. కమాన్ ప్లేటు గట్టిదనం మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. 6 ఘనం 216, 8 ఘనం 512. అంటే అదే పొడవు, వెడల్పు ఉంటే ఆ ఒక్క ప్లేటు రెండు 6 మిల్లీమీటర్ల ప్లేట్ల కన్నా గట్టి. పాత బండి కొన్నవాళ్ళు ఎవరైనా ముందు ప్లేట్లు లెక్కపెట్టి, వెర్నియర్‌తో మందం చూసుకోవాలి. మీ బండిలోనూ ఇలాంటి అతిథి ఉంటే దాన్ని తీసెయ్యడమే సగం పని.

తర్వాత చేసింది ఇది. ప్లేట్లన్నీ వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాం. చివర అంచుల్ని గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ వేసి గుండ్రంగా చేశాం. గాడులున్న చోట పొడవు దిశలోనే నున్నగా తీయాలి. అడ్డంగా ఒక్క గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. ఆ తర్వాత గ్రాఫైట్ పూత వేసి ఆరబెట్టాం. గ్రీజు పూయమని చాలామంది చెప్తారు. తారు రోడ్డు మీదే తిరిగే బండికి ఏమో గానీ, కృష్ణ ఇసుకలోకి దిగే బండికి గ్రీజు వద్దు. ఇసుక దానికి అంటుకుని సానరాయి పేస్టులా తయారవుతుంది. ప్లేట్ల చివర నైలాన్ ముక్కలు పెడితే ఇంకా బాగా జారుతుందని నేను నాలుగు పెట్టి చూశాను, నెల తిరక్కుండా మూడు రాలిపోయాయి. అవి నిలవాలంటే ప్లేటుకి కన్నం వెయ్యాలి, నాకా ధైర్యం లేదు.

ఒక హెచ్చరిక. కొన్ని షాపుల్లో గ్యాస్ మంటతో ప్లేటు ఎర్రగా కాల్చి వంపు పెంచి ఇస్తామంటారు. తర్వాత సరిగ్గా నీరు పట్టించి టెంపర్ చెయ్యకపోతే అది మామూలు ఇనప పట్టీ అయిపోతుంది. కమాన్‌కి దగ్గరలో వెల్డింగు కూడా చేయించొద్దు.

క్లిప్‌ల దగ్గర చిన్న కిటుకు ఉంది. ప్లేట్లు పక్కకి జారకుండా కట్ట చుట్టూ ఉండే ఆ క్లిప్‌లు బిగుతుగా ఉంటే, చక్రం కిందికి దిగేటప్పుడు అడుగు ప్లేట్లు మెయిన్ ప్లేటుని (అన్నిటికన్నా పైనున్న పొడుగు ప్లేటుని) పట్టి లాగుతాయి. కొందరు పూర్తిగా కోసి పారేస్తారు. అలా చేస్తే చక్రం వేలాడినప్పుడు బరువంతా మెయిన్ ప్లేటు మీదే పడుతుంది, ప్లేట్లు విసనకర్రలా పక్కకి విచ్చుకుంటాయి. మేము క్లిప్ రెక్కలు కొంచెం పైకి తెరిచి, పొడుగు బోల్టు వేసి, మధ్యలో పైపు ముక్క పెట్టాం. పక్కకి పోవు, కిందికి మాత్రం ఒక వేలు సందు దొరుకుతుంది.

కమాన్ కళ్ళల్లో ఉండే బుష్‌లు రబ్బరువే వేయండి. పాలీయురేథేన్ అని రంగు రంగులవి చూపిస్తారు. అవి రోడ్డు మీద బాగుంటాయి గానీ రాళ్ళ మీద కమాన్ మెలి తిరగాలంటే రబ్బరే సాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, షాకిల్ బోల్టులూ ముందు కంటి బోల్టూ బండి జాకీ మీద ఉండగా ఫుల్లుగా బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువు కమాన్ల మీద పడ్డాక బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది. సెంటర్ బోల్టులు, యూ బోల్టులు కొత్తవి వేయండి, సాగిన యూ బోల్టుని మళ్ళీ వాడొద్దు.

ఇక్కడ నా అత్యాశ కూడా చెప్పాలి. ఆ 8 మిల్లీమీటర్ల ప్లేటు తీస్తే వచ్చిన తేడా చూసి, ఇంకో ప్లేటు కూడా తీసేశాను. బండి మెత్తగా, సోఫాలా అయింది. పది రోజుల తర్వాత ఉండవల్లి వైపు ఏటి ఇసుకలో లో గేర్ వేసి ఎక్కిస్తుంటే వెనక నుంచి దడ దడ దడ. కమాన్ ఎస్ అక్షరంలా మెలి తిరుగుతోంది, డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తోంది, చక్రం పట్టు వదలగానే మళ్ళీ కిందికి కొట్టుకుంటోంది. నాలుగోసారికి క్రాస్ విరిగి షాఫ్ట్ వేలాడింది. ట్రాక్టర్ పిలిచి లాగించుకున్నాను. ఆ రెండో ప్లేటు మర్నాడే తిరిగి ఎక్కింది. కమాన్ చేసేది బరువు మోయడం ఒక్కటే కాదు, యాక్సిల్ గిర్రున తిరక్కుండా పట్టుకునేది కూడా అదే.

ఫలితం కొలిచిన పద్ధతి: చదునైన నేల మీద మిగతా చక్రాలకి అడ్డాలు పెట్టి, ముందు ఎడమ చక్రం దగ్గర యాక్సిల్ కింద ట్రాలీ జాకీ పెట్టి లేపుతూ, వెనక ఎడమ టైరు కింద న్యూస్‌పేపర్ ముక్క పెట్టాం. పేపర్ లాగితే జారి వచ్చిన క్షణంలో ముందు టైరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే లెక్క. విప్పకముందు 11 అంగుళాలు, తర్వాత పదిహేనున్నర. ఇందాకటి 22 మిల్లీమీటర్ల తేడా 6కి వచ్చింది. బండి వెనక మాత్రం ముప్పావు అంగుళం కిందికి దిగింది. నాకు దాంతో ఇబ్బంది లేదు. ఖర్చు, బుష్‌లు బోల్టులు కూలీ అన్నీ కలిపి, 2022లో 7,400 అయింది. షాకిళ్ళ మీద తగలేసింది ఇందులో కలపలేదు.

స్ప్రింగ్ ఓవర్ చేయించమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. జిప్సీకి కమాన్లు యాక్సిల్ కింద ఉంటాయి, వాటిని పైకి మారిస్తే ఎత్తు బాగా వస్తుంది, నిజమే. కానీ ఎత్తు వేరు, వంగడం వేరు. స్టీరింగ్ రాడ్లు మార్చాలి, బ్రేక్ హోస్‌లు మార్చాలి, ఇందాక చెప్పిన మెలి తిరగడం ఇంకా ఎక్కువవుతుంది. మీ 15 వేలు వెల్డింగుకే సరిపోవు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు చూసేది అదే.

డబ్బు తీసే ముందు ఇంకో పని, ఇది ఫ్రీ. రాళ్ళ బాట మొదట్లో టైర్ల గాలి 18 పీఎస్ఐకి దించండి. జిప్సీకి మామూలు డిఫరెన్షియలే కాబట్టి, లేచిన చక్రానికే తిప్పుడంతా పోతుంది, నేల మీదున్నది ఊరుకుంటుంది. మెత్తబడిన టైరు రాయిని పట్టుకుంటే చాలా చోట్ల అసలు చక్రం లేచే దాకా రాదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి కొట్టించడం మర్చిపోవద్దు. కొండవీడు, కొండపల్లి రెండు చోట్లా అటవీ భూమి ఉంది, బాట వదిలి లోపలికి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

షాక్‌ల (షాక్ అబ్జార్బర్ల, షాకిళ్ళు కావు) సంగతి మిగిలింది. కమాన్లు ఫ్రీ అయ్యాక బండిని ఛాసిస్ దగ్గర లేపి, వెనక యాక్సిల్‌ని జాకీ మీద ఆపి, షాక్‌ల కింది బోల్టులు విప్పండి. జాకీ మెల్లగా దించుతూ యాక్సిల్ ఇంకా ఎంత కిందికి వస్తుందో చూడండి. నాకు అంగుళంన్నర వచ్చింది, అంటే ఆ అంగుళంన్నర దిగకుండా ఆపుతున్నది షాకే. అదే సమయంలో ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి వచ్చే బ్రేక్ హోస్‌ని చేత్తో పట్టుకుని చూడండి. అది బిగిసి తీగలా ఉంటే అక్కడే ఆపండి, ముందు పొడుగు హోస్ వేయించాలి. పొడుగు షాక్ కొనేటప్పుడు తెరిచిన పొడవు ఒక్కటే కాదు, మూసిన పొడవు కూడా కావాలి. బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలే లోపు షాక్ అడుగంటితే రాడ్డు వంగుతుంది, లేదా మౌంటు ఊడుతుంది.

ఈ పని అయ్యాక 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి యూ బోల్టులు మళ్ళీ బిగించుకోండి. మీ కట్టలో ఎన్ని ప్లేట్లున్నాయో, వాటి మందం, షాక్ విప్పితే ఎంత దిగిందో ఇక్కడ రాయండి. అవి చూసి ఏ కొలత షాక్ వెతుక్కోవాలో చెప్తాను.