టెస్టుల ప్యాచ్‌ను సమీక్షించేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

టెస్టుల కోసం సీ భాషలో రాసిన ప్యాచ్‌లను, అంటే కోడ్‌లో ప్రతిపాదించిన మార్పులను, సమీక్షించే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఇది అసలు కోడ్ కాదు కదా అని చాలామంది వీటిని పైపైన చూసి వదిలేస్తారు. కానీ టెస్టులోనే లోపముంటే అది చెడిన కోడ్‌ను కూడా సరైనదేనని నమ్మిస్తుంది కనుక, ఇక్కడ మరింత జాగ్రత్త అవసరం.

ఇండెంటేషన్, ఖాళీలు, పంక్తి పొడవు వంటివాటిని కంటితో వెతుకుతూ కూర్చోవద్దు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో చెక్‌ప్యాచ్, మరికొన్ని ప్రాజెక్టుల్లో క్లాంగ్ ఫార్మాట్ అనే సాధనాలు ఆ పని చేస్తాయి.

నీ దృష్టి వేరియబుల్ డిక్లరేషన్ల మీద, అంటే వేరియబుల్ పేరునూ టైపునూ ప్రకటించే పంక్తుల మీద, అందులోనూ వాటికిచ్చిన తొలి విలువ మీద నిలవాలి. టెస్టు ఫలితాన్ని దాచే రెట్ అనే వేరియబుల్‌కు సున్నా ఇచ్చే 'ఇంట్ రెట్ = 0' అన్న పంక్తిని చూడు. సున్నా అంటే టెస్టు నెగ్గినట్టే అయినప్పుడు, మధ్యలో ఏదో విఫలమై, రెట్‌లో ఏమీ నింపకుండానే గోటూ ఆదేశంతో, తెరిచినవాటిని చివర్లో మూసే క్లీనప్ భాగానికి దూకితే, ఆ వైఫల్యం విజయంగా నమోదవుతుంది. తొలి విలువ ఇవ్వకపోతే కంపైలర్ చాలా సందర్భాల్లో హెచ్చరించేది. ఆ సున్నా దాని నోరు నొక్కేసింది. అందుకే తొలి విలువ తీసేయమని గానీ, వైఫల్యాన్ని సూచించే విలువతో మొదలుపెట్టమని గానీ అడుగు. తెరిచిన ఫైలును సూచించే సంఖ్యైన ఫైల్ డిస్క్రిప్టర్‌కు మాత్రం -1 ఇచ్చి, మూసే ముందు దాన్ని సరిచూడాలి; 0 అంటే సాధారణంగా ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్ అందే దారైన స్టాండర్డ్ ఇన్‌పుట్ కాబట్టి, క్లీనప్‌లో పొరపాటున అదే మూసుకుపోతుంది.

టైపును కూడా అంతే శ్రద్ధగా చూడు. ఫైలును చదివే రీడ్ ఫంక్షన్ విఫలమైతే -1 ఇస్తుంది; దాని ఫలితాన్ని సైజ్_టీ అనే టైపులో దాచుకుంటే, అది ఎన్నడూ సున్నా కంటే తక్కువ కాదు గనుక, కిందనున్న దోష పరీక్ష ఉన్నా లేనట్టే. అక్కడ రుణ విలువలను కూడా పట్టే ఎస్‌సైజ్_టీ ఉండాలి.

డిక్లరేషన్ ఎక్కడ పెట్టాలన్న వాదన పెంచవద్దు. బ్లాకు మధ్యలో డిక్లేర్ చేయడాన్ని సీ భాషా ప్రమాణమైన సీ99 అనుమతించింది. 2022లో వచ్చిన 5.18 వెర్షన్ నుంచి కెర్నెల్ దాని తర్వాతి ప్రమాణమైన సీ11కు మారినా, డిక్లరేషన్లను బ్లాకు మొదట్లో పెట్టే ఆనవాయితీ అక్కడ చాలావరకు కొనసాగుతోంది. ఆ ఫైల్లో ఏ పద్ధతి ఉంటే దాన్నే పాటించమను.

వ్యాఖ్య రాసేటప్పుడు అది తప్పక మార్చవలసినదో, నీ అభిరుచి మాత్రమేనో విడిగా చెప్పు. ఆమోదించే ముందు, పరీక్షకు గురయ్యే ఫంక్షన్‌ను నీ మెషీన్ మీద కావాలనే చెడగొట్టి టెస్టు నడుపు. అప్పటికీ నెగ్గితే, శైలి ఎంత చక్కగా ఉన్నా ఆ ప్యాచ్‌ను వెనక్కి పంపు.